నలభై తొమ్మిది అమావాస్యల నూనె

నా చిన్నప్పుడు, నాకు పదకొండో ఏడు నడుస్తున్న సంవత్సరం, జూన్ నెల రెండో శనివారం పొద్దున ఏడుంబావుకు మా తాతయ్య జీపులో వెన్న కనిపించింది. సమయం ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఏడు గంటల నెల్లూరు బస్సు ఉదయగిరిలో మా వీధి మొగలో హారన్ కొట్టి వెళ్ళాకే మా అవ్వ ఆ వారం వెన్నను పొయ్యి మీద పెట్టేది. ఆ రోజూ అలాగే పెట్టింది. వెన్నముద్ద ఇంకా పూర్తిగా కరగలేదు, పెరట్లో జీపు కొట్టంలోంచి మా నాయన గొంతు వినిపించింది.

"అమ్మా, ఇంజను పోయినట్టుండాది!"

ఆ జీపు సంగతి ముందు చెప్పాలి. అది యుద్ధకాలపు జీపు. పటాలం వాళ్ళు వదిలించుకున్నదాన్ని తాతయ్య వేలంలో కొన్నాడు. ఎన్నికలు, పంచాయితీలు, ఊరి పెద్దరికం అన్నీ ఉన్న రోజుల్లో అది కొండాపురం నుంచి మర్రిపాడు దాకా తిరగని పల్లె లేదని చెప్పేవారు. ఒక ఎన్నికలో ఓడిపోయాక తాతయ్య ఇక ఎవరి గడపా తొక్కనన్నాడు. ఆయనతో పాటు జీపు కూడా ఇంటిపట్టున కూర్చుంది. ఏదైనా పెళ్ళి ఉంటే తప్ప బయటికి తీసేవాడు కాదు. నాకు ఊహ తెలిసేసరికి ఆ పెళ్ళిళ్ళు కూడా తగ్గాయి. చివరిసారి కొండాపురంలో ఒక పెళ్ళికి పోయొచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది.

అయినా తాతయ్యకు అదంటే ప్రాణం. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ప్రతి అమావాస్య పొద్దునా దానికి స్నానం చేయించి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసేవాళ్ళం. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టేవాళ్ళం. నాయన హ్యాండిల్ తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి, ఊగి, లేచేది. తాతయ్య స్టీరింగు ముందు కూర్చుని నిమ్మకాయలు చితికేంత దూరం ముందుకు పోనిచ్చి, మళ్ళీ తన చోటికే వెనక్కి తెచ్చి ఆపేసేవాడు. కొబ్బరికాయ కొట్టడం, ముక్కలు పంచడం, టార్పాలిన్ కప్పడం. మళ్ళీ అమావాస్య దాకా దాని మొహం చూసేవాళ్ళు లేరు.

నెలనెలా ఇంజను ఆడిస్తున్నాను కాబట్టి దానికి ఏ రోగమూ రాదని ఆయన నమ్మకం. ఆయిల్ మార్చాలేమోనని నాయన ఎప్పుడన్నా నసిగితే నవ్వేవాడు. "తిరిగితే కదరా చెడేది? పోసింది పోసినట్టే ఉండాది లోపల. దుడ్లు ఎక్కువైనాయా నీకు?" అనేవాడు. నాయన ఆ మాట అంతటితో వదిలేసేవాడు.

ఇక మా అత్త సంగతి. అత్త అంటే నాయనకు చెల్లెలు, ఇంటికి చిన్నది. ఆ ఏడాదే టీచరు ట్రైనింగు ముగించింది. ఆత్మకూరులో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. సోమవారం పదకొండు గంటల లోపల పోయి చేరాలి. చేరకపోతే ఆ చోటు తరువాతి వాళ్ళకు పోతుంది. ఆర్డరు వచ్చిన రోజు నుంచి అవ్వ ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసింది. "టీచరమ్మా, కాస్త కూర చూడు" అనేది. అలా అన్న ప్రతిసారీ తన మాట తానే విని మురిసిపోయేది.

తాతయ్య కాదనలేదు. అవుననీ అనలేదు. ఒక షరతు పెట్టాడు. "మన ఇంటి ఆడపిల్ల బస్సులో వేలాడుకుంటా పోయి ఉద్యోగంలో చేరేది లేదు. పోతే మన జీపులో పోవాల. జీపు కదలకపోతే పొయ్యేది లేదు." ఇంట్లో జీపు ఉంది కదా అని అందరం సంతోషంగా ఒప్పుకున్నాం. సోమవారం ప్రయాణానికి శనివారం పొద్దున బండి సరిచూద్దామని నాయన టార్పాలిన్ తీశాడు. అప్పుడే ఆ కేక.

నేను పరిగెత్తాను. ఆ జీపుకు ఆయిల్ పోసే గొట్టం మూతకే ఆయిల్ ఎంతుందో చూసే పొడవాటి పుల్ల అతికి ఉంటుంది. నాయన ఆ మూతను ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూత లోపలి వైపంతా తెల్లగా, కాస్త పసుపుగా, చిలికిన వెన్న అంటుకున్నట్టు ఉంది. పుల్లకు ఉన్న నూనె నల్లగా లేదు. పాలు ఎక్కువైన కాఫీ రంగులో చిక్కగా జారుతోంది. నేను వేలితో తీసి చూడబోతే నాయన చేతి మీద కొట్టాడు.

తాతయ్య వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, భుజాన గంజి పెట్టిన కండువా. మూత వైపు చూశాడు, నాయన వైపు చూశాడు.

"ఏందిరా ఇది?"

"ఇంజనులోకి నీళ్ళు దిగినాయి నాయనా. రేడియేటరు నీళ్ళు ఆయిల్‌లో కలిస్తేనే ఇట్టా అవతాది. లోపల నీళ్ళనూ నూనెనూ విడదీసే గ్యాస్కెట్ చినిగినట్టుండాది. ఇంజను విప్పాల. మనిషిని నెల్లూరు నుంచి పిలిపించాల, సామాను తెప్పించాల. నెల పడతాది."

తాతయ్య ఆ మూతను ఇంకోసారి దగ్గరగా చూశాడు. ఆయన ముఖంలో బాధ కనిపించింది, అబద్ధం చెప్పను. కానీ ఆ బాధ వెనక ఎక్కడో ఒక నిమ్మళం కూడా ఉంది. కూతుర్ని పొమ్మనలేక, వద్దనలేక సతమతమవుతున్న మనిషికి జీపే జవాబు చెప్పినట్టయింది.

"అయితే సరే. దేవుడే వద్దన్నాడు" అన్నాడు.

అత్త తలుపు దగ్గరే నిలబడి అన్నీ వింటోంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "బస్సుకు అమావాస్య లేదు నాయనా. రోజూ నడుస్తాది" అంది.

"నోరు ముయ్యి. మాట ఇచ్చినాను, షరతు కూడా చెప్పినాను."

"నీ బండికి జబ్బు చేస్తే నా ఉద్యోగం ఎందుకు మంచం పట్టాల?"

నాయన నవ్వబోయి దగ్గాడు. సరిగ్గా అప్పుడు అవ్వ వచ్చింది. రెండు చేతులా పాతగుడ్డలతో పట్టుకుని, వేడి వేడి వెన్నగిన్నెతో సహా వచ్చింది. పొయ్యి మీద వదిలేస్తే పొంగిపోతుందని దించుకుని తెచ్చిందట. గిన్నెను జీపు ముందు చక్రం మీది మడ్‌గార్డు మీదే పెట్టింది. తాతయ్య "రంగు పోతాది" అన్నా వినిపించుకోలేదు. మూతను నాయన చేతిలోంచి తీసుకుని వాసన చూసింది, వేళ్ళ మధ్య రుద్ది చూసింది.

"రేడియేటరు మూత తియ్యి అబ్బయ్యా" అంది.

నాయన తీశాడు. నీళ్ళు మెడ దాకా ఉన్నాయి. తేటగా ఉన్నాయి. పైన నూనె తెట్టు లేదు.

"అమావాస్య అమావాస్యకూ దీంట్లో నీళ్ళు చూసేది నేను. కడవ పట్టుకుని నిలబడేది నేను. రెండేళ్ళుగా గ్లాసుడు నీళ్ళు కూడా పట్టడం లా. ఇందులో నీళ్ళు తగ్గకుండా అందులోకి నీళ్ళు యాడనుంచి పోయినాయి?"

నాయన రేడియేటరులోకి మళ్ళీ తొంగి చూశాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అవ్వ నా వైపు తిరిగింది. నాకు అప్పటికే పంచాంగం చూడటం, తిథులు గుర్తుపెట్టుకోవడం పిచ్చి. ఇంట్లో ఎవరికి ఏ తేదీ కావాలన్నా నన్నే అడిగేవాళ్ళు.

"మే పిల్లా, ఈ నూనె పోసి ఎన్ని అమావాస్యలైనాయి?"

నాయన నాకంటే ముందు చెప్పాడు. "నాలుగేళ్ళు అమ్మా. నలభై ఎనిమిది."

"నలభై తొమ్మిది" అన్నాను. "మధ్యలో ఒక అధిక మాసం వచ్చింది నాయనా."

"విన్నారా?" అని అవ్వ తాతయ్య వైపు తిరిగింది. అవ్వ ఆయనతో గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు. మడ్‌గార్డు మీది గిన్నె చూపించింది. వెన్న సగం కరిగి, తెల్లటి నురగ కట్టి, చిటపటమంటూ ఉంది.

"దీన్ని ఇప్పుడు దించి మూత పెడితే ఏమవతాది?"

"నన్నడుగుతావేంది, కంపు కొడతాది."

"ఈ నురగ చచ్చి, చిటపటలు ఆగేదాకా కాగనిస్తే?"

"ఏడాది నిలస్తాది. అయితే?"

"అయితే మీరు నెలనెలా జీపును పొయ్యి మీద పెడతాండారు. వేడెక్కీ ఎక్కకముందే దించి మూత పెడతాండారు. మూత కింద చెమ్మ పడతాది. ఆ చెమ్మ మళ్ళీ నూనెలోకే దిగతాది. ఒకసారి కాదు, నలభై తొమ్మిది సార్లు. రెండేళ్ళుగా పెళ్ళికి కూడా పోలా, ఒక్కసారైనా బాగా కాగింది లేదు. ఇవి ఎవురూ పోసిన నీళ్ళు కావు. పట్టిన నీళ్ళు."

 గిన్నెలో వెన్న ఇంకా చిటపటమంటోంది. పెట్రోలు కాలితే దానిలోంచే ఆవిరి పుడుతుందనీ, ఇంజను బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుందనీ, చల్లగా ఉండగానే ఆపేస్తే లోపలే నీరై నూనెలో కలుస్తుందనీ నేను చాలా ఏళ్ళ తరువాత చదువుకున్నాను. అవ్వకు పెట్రోలు సంగతి తెలియదు. మూత కింద చెమ్మ సంగతి తెలుసు.

నాయనకు ఉత్సాహం వచ్చింది. "అమ్మ చెప్పేది నిజమో కాదో చూసేదానికి దారి ఉండాది నాయనా. ఈ నూనె దించేసి కొత్తది పోద్దాం. బండిని బాగా వేడెక్కేదాకా తిప్పుదాం. గ్యాస్కెట్ చినిగుంటే కొత్త నూనె కూడా తెల్లబడతాది. చినగకపోతే తేటగా ఉంటాది."

"శనివారం నూనె ఇంటికి తెస్తార్రా ఎవురన్నా?" అన్నాడు తాతయ్య. అది మా ఇంట్లో ఎవరూ దాటని నియమం. తలకు రాసుకునే నూనె అయినా సరే, శనివారం గడప దాటి లోపలికి రాకూడదు. ఆదివారం దాకా ఆగితే ఇక మిగిలేది ఒక్క రోజు.

"తెచ్చేదేముండాది?" అంది అవ్వ. "బావికాడ ఆయిలింజనుకు పెట్టుకున్న డబ్బా ఉండాది గదా. బావి మనది, డబ్బా మనది. ఉన్న నూనె చోటు మారతాంది, అంతే."

తాతయ్య ఈసారి నిజంగా నవ్వాడు. ఓటు అడగడానికి తిరిగిన మనిషి కదా, మంచి వాదన వింటే మెచ్చుకునే గుణం ఆయనకుంది. "సరే కానీండి. నూనె మళ్ళీ తెల్లబడిందా, అమ్మాయి ఇంట్లో ఉంటాది. ఆ తరువాత ఎవురూ నోరెత్తకూడదు" అన్నాడు.

"తేటగా ఉంటే నువ్వు నోరెత్తకూడదు" అంది అత్త.

"ఎత్తను పో."

అలా మా అత్త ఉద్యోగం ఆ పుల్లకు అంటుకునే నూనె రంగు మీద నిలబడింది.

నాయన బండి కిందికి దూరి అడుగున నట్టు విప్పాడు. ముందు కాసిని నీళ్ళే పడ్డాయి, చుక్క చుక్కగా. ఆ వెనక ఆ కాఫీ రంగు నూనె జిగటగా, సాగుతూ, బద్ధకంగా దిగింది. అది మొత్తం దిగేసరికి ఎండ కొట్టం వాకిలి నుంచి చక్రం దాకా వచ్చింది. బావి దగ్గరి డబ్బాలో నూనె కొత్త బెల్లం పాకంలా ఉంది. నాయన అది పోసి, మూత తుడిచి బిగించి, హ్యాండిల్ తిప్పాడు. ఇంజను దగ్గకుండా లేచింది.

దుత్తలూరు దారిలో పోయాం. నాయన నడిపాడు, పక్కన తాతయ్య, వెనక అవ్వ, అత్త, నేను. రెండేళ్ళ తరువాత ఆ జీపు మా వీధి దాటింది. నేను లెక్క వేసి చూశాను. నలభై తొమ్మిది అమావాస్యల్లో నిమ్మకాయల మీదుగా అది నడిచిన దూరమంతా కలిపినా మా వీధి మొగ దాటదు. ఆ లెక్క పైకి చెప్పాను. తాతయ్య వెనక్కి తిరిగి చూశాడు. అవ్వ నా తొడ మీద గిచ్చింది, కానీ నవ్వుతూ గిచ్చింది.

అరగంట పోయి, అరగంట వెనక్కి వచ్చాం. కొట్టంలో బండి ఆపి నాయన మూత తీశాడు. తాతయ్య ఎవరి గుడ్డా నమ్మలేదు. భుజం మీది తెల్ల కండువా తీసి, దాని కొసతో పుల్ల తుడిచాడు.

మరక తేనె రంగులో లేదు. లేత గోధుమ రంగులో, పల్చగా మసకబారి ఉంది.

"చూసినారా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నాయన తల దించుకున్నాడు. అత్త గోడకు ఆనుకుంది.  అవ్వ ఆ కండువా కొసను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.

"మజ్జిగ చెంబు కడిగితే మొదటి నీళ్ళు తెల్లగానే వస్తాయి" అంది. "చెంబు చిల్లు పడిందని ఎవురూ అనరు. నాలుగేళ్ళ జిడ్డు లోపల గోడలకు అంటుకోని ఉండాది. ఇంకొకసారి కడగాల."

"ఎన్నిసార్లు కడగతావు? సోమవారం దాకానా?"

"ఇంకొక్కసారి. అప్పుడూ మసగ్గా ఉంటే నేనే అమ్మాయి పెట్టె విప్పి బట్టలు బీరువాలో పెడతాను."

తాతయ్య ఒప్పుకున్నాడు. ఈసారి నూనె వేడిగా ఉండగానే నాయన నట్టు విప్పాడు. జారుడుగా, ఒక్క ఊపున దిగిపోయింది. మళ్ళీ ఆ డబ్బాలోంచే కొత్తది పోశాడు. తిరగడం మాత్రం ఆదివారం పొద్దునకు పెట్టుకున్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం బావి దగ్గర చేతులు కడుక్కుంటూ అవ్వ నాతో ఒక మాట అంది. నేను నీళ్ళు పోస్తున్నాను.  "నాకు నెయ్యి సంగతి తెలుసు మే. ఇంజను సంగతి నాకేం తెలుసు? నా మాట నమ్మి అందరూ ఎగబడినారు. రేపు తెల్లబడితే టీచరమ్మ బతుకు నా నోటితో నేనే చెడగొట్టినట్టు" అంది. నేను ఇంకో చెంబు నీళ్ళు ముంచాను. కాసేపటికి ఆమే మళ్ళీ, "అయినా నీళ్ళు తగ్గలా. అదొక్కటి నిజం. నేను చూసింది అదొక్కటే. దాన్ని పట్టుకుంటాను" అని చెయ్యి చీరకు తుడుచుకుని లోపలికి పోయింది.

పెద్దవాళ్ళు తెలిసి మాట్లాడతారనుకునే వయసు నాది. తెలిసినదెంతో, తెలియనిదెంతో విడదీసి, తెలిసిన చిన్న ముక్క మీద కాలు గట్టిగా పెట్టి నిలబడవచ్చని ఆ రోజే చూశాను.

ఆదివారం పొద్దున మళ్ళీ అదే దారి. ఈసారి తాతయ్య వెనక కూర్చుని, అవ్వను ముందు కూర్చోమన్నాడు. "ఇంజను మాట నువ్వే విను" అన్నాడు. వెక్కిరింపో, మర్యాదో తెలియలేదు. అవ్వ జీపులో ముందు సీటులో కూర్చోవడం అదే మొదటిసారి. కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఇంటికి వచ్చేదాకా ఎదర రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. దుత్తలూరు దాటి పోయి, ఎండ ముదిరాక తిరిగి వచ్చాం.

కొట్టంలో అందరం మూత చుట్టూ మూగాం. మూత లోపలి వైపు పొడిగా మెరుస్తోంది. తాతయ్య కండువా రెండో కొస తీసి పుల్ల తుడిచాడు. తుడిచి, వాకిట్లోకి పోయి, ఎండకు పట్టి చూశాడు. మేమంతా ఆయన వీపు వైపు చూస్తున్నాం. ఆయన ఇటు తిరిగేసరికి మీసాల కింద నవ్వు ఆగడం లేదు.

"తేనె" అన్నాడు.

అత్త అవ్వను రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పింది. అవ్వ "దించవే, నడుము పోతాది టీచరమ్మా" అని అరుస్తూనే ఉంది. నాయన హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. వీధిలో వాళ్ళు ఏమైందోనని వచ్చి చూస్తే, తాతయ్య ఒక్కొక్కరికీ కండువా రెండు కొసలూ చూపించి, ఏది నిన్నటిదో ఏది ఇవాళ్టిదో చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నికల్లో ఓడిన తరువాత ఆయన అంతమందితో అంత ఉషారుగా మాట్లాడటం ఇంట్లో ఎవరూ చూడలేదట.

సోమవారం పొద్దున ఆరుంబావుకు బయలుదేరాం. ఉదయగిరి దుర్గం కొండ మీద ఎండ అప్పుడే పడుతోంది. మర్రిపాడు మీదుగా ఆత్మకూరు ముప్పై మైళ్ళ పైచిలుకు. అప్పటి రోడ్లకు అది తక్కువ దూరం కాదు. మర్రిపాడులో లారీలు ఆగే చోట టీ తాగుదామని ఆపితే తాతయ్య టీ ముట్టలేదు, ముందు పుల్ల తీసి చూశాడు. దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే, ఆగిన ఆ కాసేపట్లో మళ్ళీ చూశాడు. వేడి ఇంజనులో మాటిమాటికీ మూత తియ్యవద్దని నాయన మొత్తుకున్నాడు. ఆయన వింటే కదా.

తొమ్మిదీ నలభైకి ఆడపిల్లల బడి గేటు ముందు ఆగాం. ఇంకా గంటా ఇరవై నిమిషాల సమయం మిగిలి ఉంది. అత్త దిగింది. నీలంరంగు నేత చీర, చేతిలో గొడుగు. ఆమె గేటు లోపలికి పోతుంటే తాతయ్య బానెట్ తెరిచి, కండువా మధ్యభాగంతో మళ్ళీ పుల్ల తుడిచాడు. బడికి వస్తున్న ఆడపిల్లలు చుట్టూ నిలబడ్డారు. పక్క అంగడాయన వచ్చి, "ఏమయ్యా పెద్దాయనా, బండి చెడిందా?" అని అడిగాడు.

"చెడలేదని చూస్తాండాను" అన్నాడు తాతయ్య.

కొంతసేపటికి అత్త బయటికి వచ్చింది. సంతకం పెట్టి వచ్చింది. తాతయ్య కాళ్ళకు దండం పెట్టి, ఆయన చేతిలోంచి కండువా తీసుకుని మడతపెట్టింది. తాతయ్య బానెట్ మూస్తూ, "శనివారం సాయంత్రం వస్తాను. గేటు కాడ నిలబడు. బస్సు ఎక్కేవు" అన్నాడు.

ఆ మాట నిలబెట్టుకున్నాడు. అత్త వారమంతా ఆత్మకూరులో తన పెద్దమ్మ ఇంట్లో ఉండేది. సోమవారం పొద్దున దించడానికి, శనివారం సాయంత్రం తేవడానికి జీపు పోయేది. అంత దూరం నడిచే బండిలో చెమ్మ నిలవడానికి చోటెక్కడిది? ఆ మూత కింద వెన్న మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. అత్త ఉద్యోగం జీపు మీద ఆధారపడిందని అందరం అనుకున్నాం. చివరికి జీపే అత్త ఉద్యోగం పట్టుకుని బతికింది. అమావాస్య పూజ మాత్రం తాతయ్య మానలేదు. నిమ్మకాయలు తొక్కించి, ఆపకుండా, అటే వీధి దాటించి అరగంట తిప్పుకొచ్చేవాడు. జూన్ రెండో వారం రాగానే, బండి ఎంత తిరిగిందని అడగకుండా, నూనె మార్చమని నాయనకు తానే గుర్తు చేసేవాడు. వారం వారం అంత దూరం తిరుగుతున్న బండికి ఏడాదికి ఒక్కసారి చాలదని, డిసెంబరులో ఇంకోసారి మార్చేవాడు నాయన.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. అత్త లెక్కలు చెప్పిన బడిలోనే, ఆమె తరువాత నేనూ లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆత్మకూరులోనే ఇల్లు. వాకిట్లో ఒక చిన్న కారు ఉంది. నాకు దానితో పెద్దగా పని లేదు. కూరగాయలకు నడిచే పోతాను. అయినా పదిహేను రోజులకొకసారి సంగం ఆనకట్ట దాకా పోయి, పెన్న నీళ్ళు కాసేపు చూసి వెనక్కి వస్తాను. అది నా షికారు అని వీధిలో వాళ్ళు అనుకుంటారు. నేను నెయ్యి కాచడానికి పోతున్నానని వాళ్ళకు చెప్పను. వాకిట్లోనే స్టార్టు చేసి, రెండు నిమిషాలు ఆడించి ఆపడం మాత్రం ఎన్నడూ చెయ్యను. అలా చేసేకంటే కదపకుండా వదిలేయడమే నయం.

ఏటా జూన్ రెండో శనివారం ఆయిల్ మార్పిస్తాను. షెడ్డు ఆయన ప్రతి ఏడూ మీటరు చూసి తల గోక్కుంటాడు. "ఏందమ్మా, ఏడాదికి పన్నెండు వందల కిలోమీటర్లు కూడా తిరగలా. ఈ నూనె ఇంకా బాగుండాది. ఇంకో ఏడాది లాగొచ్చు గదా?" అంటాడు.

"ఎక్కువ తిరిగే బండికి కిలోమీటర్లు చూడు. తిరగని బండికి నెలలు చూడు. ఏది ముందు నిండితే అది. నాకు పన్నెండు నెలలు నిండినాయి, మార్చు" అంటాను. పాత నూనె దిగుతుంటే పక్కనే నిలబడి చూస్తాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా తెల్లగా దిగలేదు.

కారు ఒక్కటే కాదు, చాలా విషయాల్లో ఆ రెండు రోజులు నాకు అక్కరకు వచ్చాయి. ముట్టకుండా దాచిపెట్టింది చెడదని ఎవరైనా అంటే నేను నమ్మను. మొక్కుబడిగా చేసిన పనిని చేసినట్టు లెక్క వేసుకోను. నాకు తెలియని సంగతి ఎదురైతే అవ్వ చేసినట్టే, నా కళ్ళతో చూసిన ఒక్క నిజం ఏదో వెతుక్కుని దాని మీద నిలబడతాను. బడిలో నా ఎదుట కూర్చున్న ప్రతి ఆడపిల్లకూ లెక్కలతో పాటు ఆ ఒక్కటీ నేర్పాననే అనుకుంటున్నాను.

ఆ శనివారం పొద్దున ఏడుంబావు నుంచి సోమవారం పొద్దున తొమ్మిదీ నలభై దాకా మా ఇంట్లో పోయినవి చెబుతాను. నాలుగేళ్ళ పాత నూనె మొత్తం. ఇంజను కడగడానికి పోసిన బావి నూనె ఒక విడత. మడ్‌గార్డు మీద మరిచిపోయి పాడైన ఒక గిన్నె వెన్న. ఆ గిన్నె వేడికి గుండ్రంగా లేచిపోయిన జీపు రంగు. రెండు కొసలూ, మధ్యలోనూ మరకలు పడిన తెల్ల కండువా ఒకటి. అంతకుముందు నాలుగేళ్ళలో చితికిన తొంభై ఎనిమిది నిమ్మకాయలు కూడా కలుపుకోవచ్చు.

ఇంకేమీ పోలేదు.